దవడకు గుడ్డ కట్టిన బొమ్మ

పదమూడో భాగం

పోయినవారం దీవెనని రాజమండ్రిలో రంగుల కొట్టు ముందు, చేతిలో రంగు డబ్బా, పూతకి వాడే రబ్బరు పాల డబ్బాలతో, కడియం ఆటో కోసం చూస్తుండగా వదిలేశాం. ఆటో దొరికింది. ఎక్కింది. కూర్చోవడానికి సగం సీటే దొరికిందనుకోండి, అది వేరే సంగతి.

మధ్యలో చేరినవాళ్ళకి రెండు ముక్కలు. దీవెనకి ఇరవై ఏడేళ్ళు. బొమ్మలు చేయడం చదువుకుంది. కడియంలో పల్లంరాజుగారి నర్సరీ చివర రేకుల షెడ్డొకటి అద్దెకు తీసుకుని, తోటల్లో పెట్టుకునే సిమెంటు కొంగలూ జింకలూ పోస్తుంటుంది. కాకినాడ బీచి రోడ్డులో కొత్తగా పెట్టిన రిసార్టు వాళ్ళు ఈ నెల ముప్ఫై ఒకటిన హాలోవీన్ చేస్తున్నారు. అమెరికావాళ్ళు దయ్యాల వేషాలు వేసుకుని ఒకరినొకరు జడిపించుకునే సరదా పండగ అది. కాకినాడ జనానికి జడుసుకోవడానికి వేరే కారణాలు లేవా అని మీరు అడగొచ్చు. టిక్కెట్లు మాత్రం అయిపోయాయి. దాని కోసం అచ్చం శవంలాంటి శవం ఒకటి చేసిపెట్టమని దీవెనకి ఆర్డరిచ్చారు. మొదటిది చూసి మేనేజరు ఉదయభాస్కర్ పెదవి విరిచాడు. “శవంలా లేదండీ, బొమ్మలా ఉంది” అన్నాడు. ఈ రోజు నాలుగింటికి మళ్ళీ చూడటానికి వస్తున్నాడు.

తండ్రి రాజరత్నంతో ఆమె పెట్టుకున్న ఒప్పందం కూడా గుర్తుండే ఉంటుంది. ఈ ఆర్డరు నిలబడితే షెడ్డు ఆమెది, ఆమె ఇష్టం. తిరిగొస్తే షెడ్డు తాళంచెవి తండ్రి చేతికిచ్చి, సోమవారం నుంచి కాకినాడలో ఆయన మాట్లాడిపెట్టిన ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం.

ఇక కథలోకి.

ఆటో దిగేసరికి ఒకటిన్నర అయింది. నాలుగింటికి ఇంకా బోలెడు టైముంది అనుకుంటూ నడిచింది దీవెన. పై పూత ఒక్కటి వేసి జుట్టు అంటిస్తే పని అయిపోయినట్టే. ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ అస్థిపంజరం, డాక్టరీ చదివే పిల్లలు ముందు పెట్టుకుని చదువుకునే రకం, వచ్చినప్పుడు కొత్త బకెట్టులా తళతళలాడుతూ ఉంది. దాన్ని ముందు గరుకు కాగితంతో ఒళ్ళంతా రుద్దింది. మొక్కలు ప్యాక్ చేసే పల్చటి పాలిథిన్‌ని పొరలు పొరలుగా చుట్టి, వేడిగాలి గన్ను పట్టింది. వేడి తగిలేసరికి పాలిథిన్ ముడుచుకుని ఎముకలకి అతుక్కుపోయింది. పక్కటెముకల మధ్య లోపలికి లాగేసింది. అక్కడక్కడ చిరిగి ఎండిన చర్మంలా వేలాడింది. దానిమీద రబ్బరు పాలలో ముంచిన దూది అద్దింది. నోరు మాత్రం బాగా తెరిచి, అరుస్తున్నట్టు పెట్టింది. చూసినవాళ్ళు కెవ్వుమనాలి కదా మరి! రెండు రోజుల కష్టం అదంతా.

గడియ మాత్రం పెట్టి వెళ్ళిన షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. కిటికీలో అన్నం క్యారేజీ. బల్ల పక్కన రాజరత్నం నిలబడి ఉన్నాడు.

దీవెన బల్లమీదకి చూసి, చేతిలో డబ్బాలు నేలమీద పెట్టేసింది.

బొమ్మ నోరు మూసి ఉంది. గడ్డం కిందనుంచి నడినెత్తి దాకా తెల్లటి గుడ్డ బిగించి కట్టి ఉంది. ముక్కులో దూది. కాళ్ళు దగ్గరకి చేర్చి, రెండు బొటనవేళ్ళూ కలిపి దారంతో కట్టి ఉన్నాయి. చేతులు గుండెల మీద ఒకదానిమీద ఒకటి సర్ది ఉన్నాయి. కుడిచేతిని అలా వంచినచోట ఆమె చేసిన చర్మం మోచేతి నుంచి మణికట్టు దాకా చీలిపోయి, లోపలి తెల్ల ప్లాస్టిక్ బయటపడింది.

ఆ ముడులు ఎవరివో ఆ చుట్టుపక్కల క్రైస్తవులెవరినడిగినా చెబుతారు. రాజరత్నం వడ్రంగి. నాలుగు లూథరన్ సంఘాలకి శవపెట్టెలు చేసేది ఆయనే. పెట్టె చేసి ఊరుకోడు. పోయినవాళ్ళకి ఒళ్ళు కడిగి, బట్టలు తొడిగి, దవడకి గుడ్డ కట్టి, పెట్టెలో పడుకోబెట్టేది కూడా ఆయనే. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాడు. దానికి పైసా పుచ్చుకోడు.

“ఏం చేశావు నాన్నా?” అంది దీవెన.

“అన్నం తెచ్చానమ్మా. నువ్వు లేవు. ఈయన నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు.”

“ఈయనేంటి? అది ప్లాస్టిక్ నాన్నా!”

“తెలుసు. తెలిసే కాసేపు అలా కూర్చున్నాను. ఈగొకటి వచ్చి నోట్లో వాలింది. తోలాను. మళ్ళీ వాలింది. ఇంక కూర్చోలేకపోయాను.”

ఇంకో సమయంలో అయితే దీవెన నవ్వేసేదే. ఇప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో తిరిగిన నీళ్ళవి.

“కావాలనే చేశావు. ఆర్డరు తిరిగొస్తే సోమవారం నన్ను ఆఫీసుకి తోలెయ్యొచ్చని. అంతేనా? ఆ చెయ్యి చూడు. రెండు రోజులు కూర్చుని చేశాను నాన్నా. ఆయన నాలుగింటికొస్తాడు. ఏం చూపించమంటావు ఇప్పుడు?”

రాజరత్నం చీలిన చేతివంక చూశాడు. తప్పు చేసినవాడిలా తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. ఆరడుగుల మనిషి అలా నిలబడటం చూసి దీవెనకి ఇంకా కోపమొచ్చింది. జాలేస్తే కోపం నిలవదని ఆమెకి భయం.

“కావాలని కాదు” అన్నాడాయన. “నా ఒట్టు. నీ మీద ఒట్టు.”

“మరి ఎందుకు నాన్నా నీకు ఈ షెడ్డంటే అంత పడదు? గుమాస్తా ఉద్యోగంలో ఏముంది? నేనేం దొంగతనం చేస్తున్నానా?”

ఈ ప్రశ్న ఆమె పన్నెండు వారాలుగా అడుగుతూనే ఉంది, పాఠకులకి తెలుసు. ఆయన ఎప్పుడూ జవాబు చెప్పలేదు. ఈసారి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“మొన్న బుల్లియ్యగారమ్మాయి పెళ్ళికి వెళ్ళాం కదా. వడ్డనకి నేను గరిటె పట్టుకున్నాను. గుర్తుందా?”

“ఆ.”

“ఒక్క వరుస కూడా వడ్డించలేదు. ఎవరో నవ్వుతూ వచ్చి, మీరు కూర్చోండి రాజరత్నంగారూ, పెద్దవారు అని గరిటె తీసేసుకున్నారు. ప్రతి పెళ్ళిలోనూ అంతే. మర్యాదగానే తీసుకుంటారు. ఎవరూ ఒక్కమాటనరు. వాళ్ళ నాన్నకి ఆఖరి స్నానం చేయించిన చేతులమ్మా ఇవి. ఆ రోజు పట్టుకుని ఏడుస్తారు. ఆ చేతుల్తో అన్నం పెడితే మాత్రం తినలేరు. వాళ్ళ తప్పు కాదు. కానీ నీకు కూడా అలాంటి చేతులు రాకూడదనుకున్నాను. చిన్నప్పట్నుంచీ ఆ పని నీ కంట పడనివ్వలేదు. చదివించాను. చివరికి నువ్వు ఇక్కడ కూర్చుని శవాన్ని చేస్తున్నావు.”

ఆ పెళ్ళిలో తండ్రి చేతిలోంచి గరిటె వెళ్ళిపోవడం దీవెన చూసింది. పెద్దాయనకి శ్రమ ఎందుకని తీసుకున్నారనుకుని సంతోషించింది కూడా. ఇప్పుడు ఆ సంతోషం తలుచుకుంటే సిగ్గేసింది.

వెళ్ళి తండ్రి చేయి పట్టుకుంది. క్యారేజీ విప్పి, ఆయన చేతికే ఇచ్చింది. “కలిపి పెట్టు. ఆకలేస్తోంది.”

రాజరత్నం ఆమె మొహంలోకి ఒకసారి చూసి, చేయి కడుక్కుని వచ్చి, పప్పు కలిపి నాలుగు ముద్దలు పెట్టాడు. ముద్ద మింగుతూనే దీవెన గోడ గడియారం చూసింది. రెండుంపావు.

“నోరు విప్పేస్తాను” అంది లేస్తూ. “చెయ్యి ఎలాగో అతికిస్తాను.”

“విప్పకు.” రాజరత్నం బల్ల దగ్గరికొచ్చాడు. “ఆ మేనేజరు బొమ్మలా ఉందన్నాడంటే ఊరికే అనలేదమ్మా. పోయినవాళ్ళు అరవరు. పోయినవాళ్ళకి కోపం ఉండదు. నువ్వు సినిమా శవాన్ని చేశావు. అసలు ఈయనెవరు?”

“ఎవరేంటి? ఎవరూ కాదు.”

“అదే మరి. నేను ఎవరి ఒళ్ళు కడిగినా పేరు తెలుస్తుంది, ఊరు తెలుస్తుంది. పేరు తెలియనివాణ్ణి తెచ్చినా, ఏం పనిచేసేవాడో ఒళ్ళే చెబుతుంది. కుట్టుపని చేసినాయన వేలు చెబుతుంది. ఈయన ఒంట్లో ఏముంది? ఏమీ లేదు. ఏ పనీ చెయ్యకుండా చచ్చిపోయాడు పాపం.”

ఈసారి దీవెన నిజంగానే నవ్వింది. “సరే. ఏం పని చేయిద్దాం?”

రాజరత్నం కిటికీలోంచి బయటికి చూశాడు. నర్సరీ అవతల కొబ్బరితోట. “దింపు తీసేవాడనుకో. ముప్ఫై ఏళ్ళు చెట్లెక్కాడు.”

అంతే. కొబ్బరికాయలు దింపినవాడికి చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి తాడు బంధం వేసుకునేచోట, చీలమండ పైన, చర్మం మొద్దుబారి పట్టీలా కట్టుకుపోతుందని ఆయన చెప్పాడు. దీవెన అక్కడ దూది మందంగా వేసింది. మాను ఒరుసుకుని గుండె మధ్యలో నల్లటి కాయ కాస్తుందన్నాడు. అదీ వేసింది. కణతలు ఇంకా లోపలికి పోవాలన్నాడు. గన్ను పట్టింది. చేతివేళ్ళు చాపుకుని ఉండవు, కాస్త ముడుచుకుంటాయి, ఏదో పట్టుకుని వదిలేసినట్టు, అన్నాడు. ఆ ఒక్కదానికే పావుగంట పట్టింది. చీలిన చేతిమీద కొత్త పొర వేసి, చీలికని పూర్తిగా కప్పకుండా పాత గాయం మచ్చలా వదిలేసింది. చెట్టుమీంచి జారినప్పటిది అనుకున్నారిద్దరూ.

రంగు దగ్గర మళ్ళీ గొడవ. రాజమండ్రి నుంచి తెచ్చిన రంగు డబ్బా మూత తీయగానే రాజరత్నం మొహం అదోలా పెట్టాడు. “ఇదేంటమ్మా, ఇటుకరాయి రంగు?” అని, సైకిలు వేసుకుని ఇంటికెళ్ళి, పెట్టెలకి వేసే ముదురు రంగు పాలిషు సీసా తెచ్చాడు. గుడ్డతో పూసి, ఆరకముందే తుడిచేశాడు. ముడతల్లో నలుపు నిలిచింది. ఎత్తైనచోట పసుపు తేలింది. వీపువైపు మాత్రం తుడవకుండా ముదురుగా వదిలేశాడు.

“పడుకున్నవైపు నల్లబడుతుంది” అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా తండ్రి చేతుల్లో ఉన్న విద్య ఇది. ఇంట్లోనే ఉన్నా తనకి తెలియదు. దీవెనకి ఒక పక్క సంతోషం, ఒక పక్క ఇన్నాళ్ళూ పోగొట్టుకున్నానన్న బాధ. కొబ్బరిపీచు నల్లగా అద్ది జుట్టు అంటిస్తూ అడిగింది. “నాన్నా, ఎప్పుడైనా భయమేసిందా నీకు?”

“మొదటిసారి. తర్వాత ఎప్పుడూ వెయ్యలేదు. వాళ్ళతో మాట్లాడతాను కదా.”

“ఏం మాట్లాడతావు?”

“ఏముంది. చెయ్యి ఎత్తండి బాబాయ్, అయిపోయింది, ఇంకొక్క బొత్తాం. అంతే.”

నాలుగుకి పది నిమిషాలుండగా నర్సరీ గేటు దగ్గర తెల్లకారు ఆగింది.

ఉదయభాస్కర్ ఎప్పుడూ ఫోన్లోనే ఉంటాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నల్లబూట్లు, ఇస్త్రీ నలగని చొక్కా. మొక్కల మధ్య నుంచి గట్టిగా మాట్లాడుకుంటూనే వచ్చాడు. “డీజే తొమ్మిదింటికి మొదలెట్టమనండి. గుమ్మడికాయలు వచ్చాయా? బూడిద గుమ్మడికాయలేంటండీ, పసుపువి కావాలి!” అంటూ షెడ్డు గుమ్మంలో కాలు పెట్టాడు.

మాట ఆగిపోయింది. ఫోన్లో అవతలివాళ్ళు హలో హలో అంటున్నారు. అతను దాన్ని కట్టేయడం కూడా మరిచిపోయి జేబులో పెట్టుకున్నాడు.

పెట్టిన కాలు వెనక్కి తీశాడు. వంగి బూట్ల లేసులు విప్పాడు. రెండు బూట్లూ గుమ్మం బయట పక్కకి పెట్టి, లోపలికి వచ్చి, బల్లకి రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఎప్పుడు పోయారండీ?” అన్నాడు నెమ్మదిగా.

అంతలో అతనే తేరుకుని తల విదిలించాడు. అయినా గొంతు పెరగలేదు. “దింపు తీసేవారా?”

“అవునండి” అన్నాడు రాజరత్నం.

దీవెన గుండె ఒక్కసారిగా తేలికపడింది. గెలిచాననుకుంది. పదమూడు వారాల్లో ఆమెకి ఇంత సంతోషం కలగడం ఇదే మొదటిసారి. ఆ ముచ్చట నిమిషం కూడా నిలవలేదు.

ఉదయభాస్కర్ బయటికి వెళ్ళి, సిమెంటు కొంగల మధ్య ఉన్న బెంచీమీద కూర్చుండిపోయాడు. దీవెన వెనకాలే వెళ్ళింది.

“దీవెనగారూ, ఇది నేను తీసుకెళ్ళలేనండి.”

“బాగా రాలేదాండీ?”

“బాగా రాకపోతే తీసుకెళ్దును. ఎర్రలైట్లు వేస్తాం. పాటలు పెడతాం. చేతిలో కూల్‌డ్రింకు పట్టుకుని ఈయన పక్కన సెల్ఫీలు దిగుతారు. నేను చూడలేనండి. మీకు అడ్వాన్సు వెనక్కి ఇవ్వక్కర్లేదు. పార్టీకి నేను ఇంకేదో చూసుకుంటాను.”

ఆర్డరు పోయింది. ఇంతకన్నా బాగా చేయడం ఆమెకి రాదు. బాగా చేసినందుకే పోయింది. దీవెన షెడ్డు తాళంచెవి బయటికి తీసి, గుమ్మంలో నిలబడ్డ తండ్రి దగ్గరికి వెళ్ళి చాపింది.

“సోమవారం తొమ్మిదింటికి కదా నాన్నా?”

“ఏ సోమవారం?” అన్నాడు రాజరత్నం.

“ఆర్డరు తిరిగొస్తే ఆఫీసుకి వెళ్తానన్నాను కదా.”

“తిరిగి రావడమంటే ఏంటమ్మా? బాగోలేదని తోసెయ్యడం. ఆయన బూట్లు విప్పాడు.” ఆయన తాళంచెవిని ఆమె గుప్పిట్లోనే పెట్టి మూశాడు. “ఆఫీసువాళ్ళకి నేను చెప్పుకుంటాను. నీ చేతులు ఇలాగే ఉండనీ.”

దీవెన తండ్రి భుజంమీద తలపెట్టి బాహాటంగా ఏడ్చింది. నర్సరీలో మొక్కలకి నీళ్ళు పడుతున్నవాళ్ళు చూశారు. చూస్తే చూశారు.

కారు స్టార్టయిన చప్పుడు వస్తుందనుకుంటే రాలేదు. ఉదయభాస్కర్ ఇంకా వట్టికాళ్ళతో బెంచీమీదే ఉన్నాడు. వాళ్ళిద్దరూ దగ్గరికి రాగానే లేచి నిలబడ్డాడు.

“ఒకటి అడుగుతాను. తప్పయితే వెళ్ళిపొమ్మనండి” అన్నాడు. “మా నాన్నగారు చంద్రరావుగారని, కాకినాడ పోర్టులో లాంచీ నడిపే సరంగు. పోయిన ఏడాది తుపానుకి లాంచీ తిరగబడింది. లాంచీ దొరికింది. ఆయన దొరకలేదు.”

రాజరత్నం తల వంచుకున్నాడు.

“మనిషి దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యొచ్చని, కర్మ జరిపించొచ్చని పంతులుగారు చెప్పారండి. మా అమ్మ శ్యామలాంబ ఒప్పుకోలేదు. గడ్డి పరకల్ని చూపించి మొగుడంటే నేనెలా ఏడుస్తానురా, మనిషిని తెచ్చి చూపించండి, అప్పుడు ఏడుస్తాను అంది. పదకొండు నెలలైంది. ఇంతవరకు ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. రోజూ ఆయనకి కూడా బియ్యం కడుగుతుంది. ఇవాళ లోపల ఈయన్ని చూశాక నాకు...” షెడ్డు గుమ్మంవైపు చూశాడు. “మా నాన్నగారిని చేస్తారాండీ?”

దీవెనకి మొదట తోచింది పనే. చేతిపని వచ్చినవాళ్ళంతే. ప్లాస్టిక్ పనికిరాదు, రబ్బరు పనికిరాదు, దహనం చేయాలి కదా. లోపల దర్భే ఉంచాలి. పైన దూది, మైదా జిగురు, నూలు గుడ్డ. అవుతుంది. చేయొచ్చు. ఆ తర్వాత తోచింది భయం. ఒక ఇల్లాలి ముందు ఆమె భర్త మొహాన్ని తెచ్చి పెట్టాలి. ఆవిడ ఏడిస్తే మంచిదే. ఏడవకుండా ఆ బొమ్మని ఇంట్లోనే ఉంచేసుకుంటానంటే?

తండ్రివైపు చూసింది. రాజరత్నం అప్పటికే చొక్కా జేబులోంచి కొలత టేపు తీశాడు. చెవిమీద పెన్సిలు తీసి, నోట్లో తడిచేసుకున్నాడు. ఏ ఇంటికి వెళ్ళినా ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే, ఆ ఇంటివాళ్ళు ఎంత ఏడుస్తున్నా సరే.

“నాన్నగారు ఎంత పొడుగుండేవారు బాబూ?”

ఉదయభాస్కర్ చేయి తన తలకన్నా కొంచెం పైకెత్తాడు. ఆ చేయి అలాగే గాలిలో ఉండిపోయింది.

“సరిగ్గా తెలీదండి. అమ్మకి తెలుసు. ఆయన చొక్కాలన్నీ ఆవిడే కుట్టేది. రేపు పొద్దున్నే ఇక్కడికి తీసుకొస్తాను.” అతను దీవెన వైపు తిరిగాడు. “ఎందుకు తీసుకొచ్చానో మాత్రం ఆవిడకి మీరే చెప్పాలి దీవెనగారూ. నావల్ల కాదు.”